నన్ను పాతిపెట్టడానికి వచ్చిన పదకొండు మంది

1957 ఏప్రిల్ 28, ఆదివారం. స్థలం: సంగారెడ్డిలో మా ఇంటి ముందు గది. సమయం: ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు.

హాజరైనవారు: నేను, మంచం మీద. నా భార్య రూతమ్మ. పాస్టరుగారు. సంఘం రిజిస్టరుతో రత్నం మాస్టారు. సమాధుల తోటలో గొయ్యి తవ్వే బాలయ్య. సంఘం నుంచి మరి ఆరుగురు. చిట్కుల్ నుంచి నా బావమరిది సమూయేలు, అతని వెంట పది మంది. మొత్తం ఇరవై ఇద్దరు.

ఈ ఇరవై ఇద్దరిలో చిట్కుల్ నుంచి వచ్చిన పదకొండు మందీ నన్ను పాతిపెట్టడానికి వచ్చినవారు. ఆ సంగతి వరుసలో చెప్పాలి. ఇది రాస్తున్నది మే నెలలో, జ్వరం పోయి మూడు వారాలయింది. అక్షరం వణకకుండా రాయగలుగుతున్నాను కనుక డైరీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా సంఘంలో ఎవరికైనా ఇంత పొడుగు జ్వరం వస్తే ఇది చదివి ధైర్యం తెచ్చుకోవాలని ఒక కారణం. గొయ్యి విషయంలో ఎవరూ తొందరపడకూడదని ఇంకో కారణం.

ముందుగా నా తప్పు రాస్తాను. నేను బడి పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. సంఘంలో పెద్దను. పంతొమ్మిదేళ్లుగా ఆరాధన హాజరు రిజిస్టరు నా చేతిలోనే ఉంది. గంట ఆగిన తర్వాత గడప దాటినవారికి ఎర్ర సిరాతో గైరుహాజరు వేస్తాను. పోయిన ఏడాది ఈస్టర్ నాడు సమూయేలు, అతని మనుషులు మొత్తం పదకొండు మంది చిట్కుల్ నుంచి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. తెల్లవారుజామున పాటలతో సమాధుల తోటకు వెళ్లే ఊరేగింపు అయిపోయింది, ఆరాధన అయిపోయింది, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల కూడా అయిపోయింది. పదకొండు ఎర్ర గీతలు వేశాను.

సమూయేలు ఎద్దుల తోలుతో మోట బొక్కెనలు కుడతాడు, డప్పు కొడతాడు. మా ఊరేగింపుకు డప్పు అతనిదే. గుమ్మంలో నిలబడి నా చేతిలోని కలం వైపు చూసి, "బావా, ఆ గీత తీసెయ్" అన్నాడు.

"రాసింది రాసినట్టే ఉంటది" అన్నాను.

"అయితే నువ్వు బతికున్నన్ని దినాలు నీ గడప తొక్క. నీ చర్చి గడప గిట తొక్క."

అప్పటి నుంచి వాళ్లు చిట్కుల్‌లోనే ఒక కొట్టం కింద కూడి పాడుకుంటున్నారు. అక్కడ రిజిస్టరు లేదట. రూతమ్మ తన తమ్ముడి ముఖం చూసి ఏడాది అయింది. ఈ ఏడాదిలో ఆమె నాతో ఆ మాట ఎత్తలేదు. సమూయేలుకు ఇష్టమైన చింతచిగురు పప్పు మాత్రం వండడం మానేసింది. నాకూ అది ఇష్టమే.

మార్చి 28, గురువారం. సాయంత్రం ఒళ్లు నొప్పులు, తలనొప్పి. ఎండదెబ్బ అనుకున్నాను.

ఏప్రిల్ 1, సోమవారం. పక్కింటి ఖాదర్ హకీం సాబ్ వచ్చి నాడి పట్టుకున్నారు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు.

"మోతీఝరా హై, మాస్టర్ సాబ్. ఇరవై ఒక్క దినాలు. అన్నం నహీ, రొట్టె నహీ. సగ్గుబియ్యం జావ తాగి పండుకోవాలె. ఎవరన్న జబర్దస్తీ తినబెడ్తె నా పేరు చెప్పి తరిమెయ్యుండ్రి."

ఏప్రిల్ 4, గురువారం. రూతమ్మ హకీం మాటతో ఆగక నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. వరండా నిండా జనం. వరస లేదు, పద్ధతి లేదు. ఎవరు ముందు వచ్చారో ఎవరికీ తెలియదు. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. జ్వరంతోనే లేచి, అందరినీ వచ్చిన క్రమం అడిగి, బెంచీల మీద సర్ది కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి నంబరు చెప్పాను. నా నంబరు పద్నాలుగు. ఆరో నంబరు లోపలికి వెళ్తుండగా నేను కింద పడ్డాను.

కళ్లు తెరిచేసరికి నా తల ఒక తల్లి ఒడిలో ఉంది. ఆమె తన బిడ్డ కోసం తెచ్చుకున్న మరచెంబులోని నీళ్లు నా ముఖం మీద చల్లుతోంది. వీపు మీద పుండుతో వచ్చిన ఒక ముసలి రైతు వంగి చూస్తున్నాడు. అతనిది ఏడో నంబరు.

"నా నంబరు తీస్కో, పంతులూ."

"వద్దు. నాది పద్నాలుగు" అన్నాను.

"ఈయన మాటలు పట్టించుకోకుండ్రి" అని రూతమ్మ నన్ను రెక్క పట్టి లేపింది. "నంబర్లు పెట్టిందీ నువ్వే, పడిపోయిందీ నువ్వే. నడువు!"

హకీం చెప్పిందే డాక్టరు ఇంగ్లీషులో టైఫాయిడ్ అని చెప్పి మాత్రలు ఇచ్చాడు. మంచాలు ఖాళీ లేవు, ఇంట్లోనే ఉంచండి, గట్టి పదార్థం ఒక్క ముక్క పెట్టినా పేగుకు చిల్లు పడుతుంది అన్నాడు. రూతమ్మ ఆ మాటను వేదవాక్యంగా పట్టుకుంది.

ఏప్రిల్ 8 నుంచి 18 వరకు. డైరీలో ఖాళీ. ముప్పై ఏడేళ్లలో ఇదొక్కటే ఖాళీ. ఆ రోజుల సంగతి రూతమ్మ చెప్పగా రాస్తున్నాను. మిట్టమధ్యాహ్నం జ్వరం పెరిగినప్పుడల్లా నేను మంచం మీద లేచి కూర్చుని హాజరు పిలిచేవాడినట. బడి పిల్లలు, సంఘస్థులు, బతికున్నవాళ్లు, పోయినవాళ్లు, అందరూ ఒకే వరసలో. మా అమ్మను కూడా పిలిచానట, ఇంటిపేరుతో సహా. అందరూ నా చెవికి పలికేవారు కాబోలు, "ఊఁ, తర్వాత" అనేవాడిని. సమూయేలు పేరు దగ్గర మాత్రం ఆగిపోయేవాడిని.

"పిలిసి పిలిసి గొంతు పోయేది" అంది రూతమ్మ. "వాడు పలికేదాక ముందుకు పోవు. నేనే గొంతు మార్చి 'హాజర్, బావా' అన్న ఒకసారి."

"నమ్మిన్నా?"

"లేదు. ఆలస్యంగ వచ్చినవ్ అన్నవ్."

ఏప్రిల్ 14, మట్టల ఆదివారం. ఆ మధ్యాహ్నం పాస్టరుగారు వచ్చారు. చిన్నవయసువాడు, మంచివాడు, చావులంటే ఇంకా అలవాటు పడలేదు. నా తల మీద చేయి పెట్టి ఎంతసేపు ప్రార్థన చేశారంటే, ఆయన దుఃఖాన్ని ఓదార్చాల్సింది తానేనేమో అని రూతమ్మకు అనిపించిందట. ఆయన బయటికి వెళ్లి పెద్దలతో మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు పదకొండు రోజుల తర్వాత గానీ తెలియలేదు.

ఏప్రిల్ 19, శుభ శుక్రవారం. తెలివి వచ్చింది. చర్చి గంట వినిపించింది, నేను లేకుండా మోగిన గంట. అప్పుడే భయం వచ్చింది. జ్వరంలో రాని భయం తెలివి వచ్చాక వచ్చింది.

అది చావు భయం కాదు, లేదా అది ఒక్కటే కాదు. పంతొమ్మిదేళ్లు నేను ఆరాధన గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో అన్నీ నాకు తెలుసు. లేచిన ప్రభువు తన సంఘం మధ్యకు వస్తాడని బడిపిల్లలకు నేనే నేర్పాను. ఆయన వచ్చినప్పుడు నేను ఎటు చూస్తున్నాను? గడియారం వైపు, గడప వైపు. ఒక్క ఆదివారమైనా ఆయనను ఎదుర్కొన్నానా? రేపో మాపో ఆయన ముందు నిలబడితే నా చేతిలో ఉండేది ఒక రిజిస్టరు. అందులో నా భార్య సొంత తమ్ముడి పేరు ఎర్రగా ఉంటుంది. సమూయేలుతో సమాధానపడకుండా పోతానేమో అన్న బెంగ ఆ రోజు మొదలైంది. కానీ కబురు పంపలేదు. పంపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని జ్వరంలో కూడా లెక్క వేసుకున్నాను.

ఏప్రిల్ 21, ఈస్టర్. తెల్లవారుతుండగా ఊరేగింపు మా సందులోకి వచ్చింది. రోగి ఉన్న ఇంటి ముందు ఆగి ఒక చరణం పాడడం మా ఆచారం. నాకు నిద్ర చెడగొట్టకూడదని మెల్లగా, దాదాపు గుసగుసలాగా పాడారు. గెలుపు పాటను గుసగుసగా వింటే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. డప్పు లేదు. రూతమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆరాధన తర్వాత రత్నం మాస్టారు వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. నేను పడకేసినప్పటి నుంచి రిజిస్టరు అతనిది. చూపించమన్నాను. తటపటాయించాడు. లాక్కుని చూశాను. మార్చి 31, ఏప్రిల్ 7, 14, శుభ శుక్రవారం, ఈస్టర్. నా పేరు ఎదురుగా ఐదు ఎర్ర గీతలు, గీతబద్దతో గీసినంత తిన్నగా.

"ఎర్ర సిరానే వాడినవా?"

"మీరు నేర్పిందే గద, సారూ" అన్నాడు, కళ్లు కిందికి వేసుకుని. "కారణం అడగొద్దు, రాలేదంటె రాలేదే అని మీరే చెప్పిండ్రు."

రిజిస్టరులో కారణం అని ఒక గడి ఉంది. అచ్చులోనే వచ్చింది. పంతొమ్మిదేళ్లుగా అది ఖాళీ. నేను ఎవరినీ అడగలేదు గనుక నింపలేదు. ఆ రోజు ఆ ఖాళీ గడుల వరసను చాలాసేపు చూశాను.

ఏప్రిల్ 23, మంగళవారం. జ్వరం దిగింది. చెమటతో పక్క తడిసిపోయింది. రూతమ్మ పక్క మార్చి, బయటికి వెళ్లి, కోళ్లను ఊరికే తిట్టింది. సంతోషం వస్తే ఆమె కోళ్లను తిడుతుంది.

ఏప్రిల్ 25, గురువారం. బాలయ్య పరామర్శకు వచ్చాడు. చేతులకు బొబ్బలు, బట్టలకు ఎర్రమట్టి.

"ఎట్లున్నవ్, పంతులూ?"

"తగ్గింది, బాలయ్యా. దేవుని దయ."

"మంచిది." చేతుల మట్టి దులుపుకున్నాడు. "జాగ మంచిది దొరికింది. వేపచెట్టు నీడ. నడుం లోతు అయింది."

"ఏంది నడుం లోతు?"

అప్పుడు తెలిసింది. మా సమాధుల తోట బండనేల. గొయ్యి ఒక్కరోజులో తెగదు. అందుకని ఎవరైనా ఇక కష్టమని అనుకుంటే ముందే మొదలుపెడతారు. మట్టల ఆదివారం నాడు పెద్దలు కూడి మాట్లాడుకున్నది అదే. ఈస్టర్ ముందు శనివారం సమాధులకు సున్నం వేయడానికి అందరూ ఎలాగూ కూడతారు గనుక ఆ రోజే నా గొయ్యికి గడ్డపార వేశారు. ఆ తర్వాత పండుగ హడావిడిలో బాలయ్యకు ఆపమని చెప్పడం అందరూ మరిచిపోయారు.

"నాకు జెరం తగ్గిందంటున్న గద, బాలయ్యా!"

"మంచిదే, పంతులూ. కాని మధ్యల ఆపితే మేకలు పడ్తయ్. ఇంకో మూడు దినాలల్ల అయిపోతది. నీకు పనికి రాకుంటె పెద్దలల్ల ఎవరికో ఒకరికి పనికొస్తది."

ఆ మాటకు నేను చాలా రోజుల తర్వాత నవ్వాను. నవ్వితే పక్కటెముకలు నొచ్చాయి. రూతమ్మ మాత్రం చీపురు పట్టుకుని అతన్ని గుమ్మం దాకా సాగనంపింది.

ఏప్రిల్ 28, ఆదివారం. ఈస్టర్ తర్వాత ఎనిమిదో రోజు. లేచిన ప్రభువు మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో లేని తోమా కోసం రెండోసారి వచ్చిన రోజు. గైరుహాజరైనవాళ్లను మందలించడానికి ఏటా ఆ సంగతి నేనే ఎత్తేవాడిని. ఆయన రాని వాడి కోసమే మళ్లీ వచ్చాడన్న సగం నా నోట ఎప్పుడూ రాలేదు. ఆ రోజు ఆరాధన ముగించుకుని పాస్టరుగారు ప్రభువు బల్లను నా మంచం దగ్గరికి తెచ్చారు. రత్నం మాస్టారు, బాలయ్య, మరి ఆరుగురు వెంట వచ్చారు. పాస్టరుగారు పళ్లెం మీది తెల్లగుడ్డ తీయబోతుండగా సందు మొగలో డప్పు వినిపించింది. అది చావు డప్పు. దాని వెనక ఏడుపులు.

ఎవరు పోయారా అని అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తలుపు తోసుకుని సమూయేలు వచ్చాడు. మెడలో డప్పు, చంకలో తెల్లబట్ట, దుమ్ము కొట్టుకున్న ముఖం మీద కన్నీటి చారలు.

"బావా! నన్ను ఇడిసి పోతివా, బావా!"

"కూసో, సమూయేలూ" అన్నాను.

డప్పు పుల్ల కింద పడింది. వెనకున్న ముసలమ్మ "లేచిండు!" అని కేకవేసి గోడకు ఆనుకుంది. ఆమె సమూయేలు అత్త. ఆ మాట ఎవరికి చెందుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సిగ్గుతో దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను.

"నువ్వు సావలేదా?"

"లేదు."

"నిన్న తోళ్ల సేటు చెప్పిండు. గొయ్యి తవ్వుతుంటె కండ్లార సూసిండంట. ఎవరికని అడిగితె జోసఫ్ పంతులుకన్నరంట!"

అందరూ బాలయ్య వైపు చూశారు.

"అడిగిండు, చెప్పిన" అన్నాడు బాలయ్య. "పంతులుకే గద తవ్వింది. సచ్చిండని నేను అన్లే."

సమూయేలు మంచం దగ్గరికి వచ్చి, మోట బొక్కెనలు కుట్టే ఆ మొద్దు వేలితో నా పక్కలో పొడిచాడు. ఒకసారి చాలక రెండుసార్లు.

"బొక్కలే ఉన్నయి. కాని బతికే ఉన్నడు" అని తన వాళ్లకు చెప్పాడు. తర్వాత కోపం వచ్చింది. "కోడి కూయంగ లేసి, ఎడ్లను తోలుకుంట, తొవ్వ పొడుగున ఏడ్సుకుంట వచ్చిన. ఆ ఏడుపంత నాకు వాపస్ ఇయ్యి!"

అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో చూసుకున్నాడు. మెల్లగా వెనక్కి నడిచి గడప బయటికి వెళ్లి నిలబడ్డాడు.

"సచ్చిన బావ కాడికి వచ్చిన. బతికిన బావ కాడికి రానని ఒట్టు పెట్టుకున్న. పోతున్న, అక్కా."

రూతమ్మ గోడ వైపు తిరిగింది. అది నాకు చీపురు దెబ్బకంటే గట్టిగా తగిలింది. ఇప్పుడు నేను మాట్లాడకపోతే జ్వరం తగ్గి ప్రయోజనం లేదని తెలిసింది.

"రత్నం, రిజిస్టరు ఇటియ్యి. సమూయేలూ, ఇది సూడు."

"నాకు సదువు రాదు. నువ్వే సదువు."

చదివాను. అందరి ముందు, నా పేరు నేనే పిలిచి, "మార్చి 31, గైరుహాజరు. ఏప్రిల్ 7, గైరుహాజరు" అని ఈస్టర్ దాకా చదివాను.

"మంచంల పడి రాలేకపోయిన. కారణం ఎవరు అడగలే, ఎవరు రాయలే. అడగొద్దని నేర్పింది నేనే" అన్నాను. తర్వాత పాత పేజీ తిప్పాను. "పోయినేడు నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్న. ఎందుకు ఆలస్యమయింది, తమ్మీ?"

అతను డప్పు అంచును గోకుతూ నిలబడ్డాడు.

"కంది ఊరి కాడ బండి ఇరుసు ఇరిగింది. నడిసినం. అత్తకు కాళ్లు పడిపోయినయి, నేను ఈపున మోసిన. పిల్లలు ఏడుస్తుంటె పాడుకుంట వచ్చినం." డప్పు అంచు వదిలేశాడు. "మా కోసం ఆగుతరనుకున్నం."

"రాయి, రత్నం" అన్నాను. "కారణం గడిల రాయి. ఇరుసు విరిగినది. అత్తను వీపున మోసినాడు. పాడుతూ వచ్చినారు. వీళ్ల కోసం ఆగలేదు. ఆగవలసినది."

ఆ గడి చిన్నది. రత్నం మార్జిన్‌లోకి కూడా రాశాడు. సమూయేలు చూస్తూ ఉండి, "అంత రాసిండా?" అని అడిగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పది మందీ అతని వెనక వచ్చారు. కూర్చోవడానికి చోటు లేక నా మంచం పట్టె మీద ముగ్గురు కూర్చున్నారు.

అప్పుడు రొట్టె దగ్గర తగాదా వచ్చింది. "డాక్టరు రొట్టె వద్దన్నడు, పేగు తెగుతది" అని రూతమ్మ పళ్లెం ముందు నిలబడింది. పాస్టరుగారికి ఇలాంటి చిక్కు ఏ పుస్తకంలోనూ ఎదురుకాలేదు. చివరికి సమూయేలే ఆవగింజంత ముక్క తుంచి, ఎండుద్రాక్ష రసంలో నానబెట్టి, అది ముక్కో చుక్కో తెలియకుండా పోయేదాకా ఆగి, రూతమ్మకు చూపించి, నా చేతులు వణుకుతున్నాయి గనుక తానే నా నోట్లో పెట్టాడు. ఆ వేలికి తోలు వాసన.

ఇప్పుడు రాసేది ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వెలుగు కనబడలేదు. స్వరం వినబడలేదు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. పాత అలవాటు చొప్పున నేను సగం తెరిచి మనుషులను లెక్కపెట్టాను. ఇరవై మూడు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను, ఇరవై రెండు. మూడోసారి ఇరవై మూడు. ముప్పై ఏళ్లు పిల్లలను లెక్కపెట్టినవాణ్ణి, లెక్క తప్పేవాణ్ణి కాదు. ఇక లెక్కపెట్టడం ఆపి కళ్లు మూసుకున్నాను. వచ్చినవాడు ఎవరో నాకు తెలిసింది. గడప వైపు చూడాలని అనిపించలేదు. శుక్రవారం నుంచి ఉన్న భయం పోయింది, మళ్లీ రాలేదు.

నీరసం వల్ల అలా ఉంటుందని పాస్టరుగారు తర్వాత మెల్లగా అన్నారు. నేను వాదించలేదు. రిజిస్టరులో ఇరవై రెండే రాయించాను. అందులో పేర్లు రాయడానికి నాకు అధికారం ఉన్నది ఇరవై ఇద్దరివే.

ఎద్దులు అలసిపోయాయని చిట్కుల్ వాళ్లు ఆ రోజు మా ఇంట్లోనే ఉండిపోయారు.

ఏప్రిల్ 29, సోమవారం. పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడు. పదకొండు మంది ముందు గదిలోనూ అరుగు మీదా పడుకుని ఉన్నారు. వాళ్లకు ఏం పెట్టాలా అని రూతమ్మ వంటింట్లో ఖాళీ డబ్బాలు తీసి చూస్తోంది. నేనే గోడ పట్టుకుని వెళ్లి తలుపు తీశాను. ముప్పై రెండు రోజుల తర్వాత నా చేత్తో నేను తీసిన మొదటి తలుపు.

ఎదురుగా ఖాదర్ హకీం సాబ్. తలకు రుమాలు, చేతుల్లో గుడ్డ కట్టిన పెద్ద దేగిశ, వెనక ఆయన కొడుకు చేతిలో ఇంకొకటి. ఆయన బంధువుల ఇంటికి వెళ్లి ముందు రోజు సాయంత్రమే తిరిగి వచ్చారు. మా ఇంటి ముందు చావు డప్పు మోగిందని సందులో ఎవరో చెప్పారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు, పక్కింటివాళ్లు వండి పంపాలి. ఆయన బీబీ తెల్లవారకముందే లేచి ఖిచిడీ వండింది.

ఆయన నన్ను చూసి దేగిశ గడప మీద దించేశారు.

"యా అల్లా! మాస్టర్ సాబ్, మీరు..."

"ఉన్న, హకీం సాబ్."

ముందు నా నాడి పట్టుకున్నారు. తర్వాత కళ్లు తుడుచుకున్నారు. "నబ్జ్ మంచిగుంది" అన్నారు. ఆ తర్వాత దేగిశ వైపు చూసి పరేషాన్ అయ్యారు. "మరి గీ ఖిచిడీ ఏం చెయ్యాలె?"

"లోపల పదకొండు మంది ఉన్నరు. ఇంట్ల గింజ లేదు."

ఆయన నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. ఆ నవ్వుకు అందరూ లేచారు. అరుగు మీద అందరం కూర్చున్నాం. హకీం సాబ్ తానే ఒక గరిటె ఖిచిడీ తీసి, గంజిలా మెదిపి, నాకు రెండు చెంచాలు తాగడానికి ఇజాజత్ ఇచ్చారు. నెల రోజుల తర్వాత ఉప్పు, నెయ్యి. మిగిలింది సమూయేలు నా గిన్నెలోంచే తిన్నాడు. రూతమ్మ కోళ్లను తిడుతోంది.

బండి కట్టాక సమూయేలు నా దగ్గరికి వచ్చాడు. కాసేపు పగ్గం సరిచేశాడు.

"బావా, వచ్చే ఆదివారం గంట ఎప్పుడు కొడ్తరు?"

"మీ బండి వచ్చినంక" అన్నాను.